మోటారు దాకా నడక

మా ఇంటికీ చేనిలోని బోరుకూ మధ్య కిలోమీటరుకు కొంచెం ఎక్కువ దూరం ఉంటుంది. బడిపంతులు ఉద్యోగం నుంచి విరమించుకున్న ఈ మూడేళ్లలో రోజుకు రెండుసార్లు, కరెంటు వేళలు మారినప్పుడు మూడుసార్లు, నేను ఆ దూరం నడుస్తూ వచ్చాను. మోకాళ్ల నొప్పి మొదలైన దగ్గరి నుంచి ఇంట్లో ఒకటే పోరు: ఫోనుతో మోటారు వేసుకునే స్టార్టరు పెట్టించమని. బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు అంతటితో ఆగలేదు. స్టార్టరు ఒక్కటే ఎందుకు మామయ్యా, మట్టిలో తేమ చెప్పే యంత్రాలున్నాయి, ఉపగ్రహం తీసే పొలం బొమ్మలున్నాయి, మందు కొట్టే డ్రోన్లున్నాయి, నవంబరులో కృషి మేళా జరుగుతుంది, వచ్చి అన్నీ చూసి తేల్చుకో అన్నాడు. కదిరిలో బస్సెక్కాను. ధరలు తెలుసుకోవడం ఎలాగూ ఉంది కానీ, ఇవన్నీ చేతికి వచ్చాక రైతు తన మట్టినీ నీళ్లనూ గట్టు మీది చెట్టునూ మునుపటికంటే బాగా చూసుకుంటున్నాడా, లేక చూడటమే మానేశాడా అన్న సంగతి తెలుసుకోవాలని నా అసలు కోరిక.

మొదటి రోజు: హెబ్బాళ, జీకేవీకే

చెల్లెలి ఇల్లు బెంగళూరు విద్యారణ్యపురంలో ఉంది. అక్కడి నుంచి గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం, అందరి నోటా జీకేవీకే అనిపించుకునే వ్యవసాయ విశ్వవిద్యాలయం, దగ్గరే అయినా మేళా రద్దీలో ముప్పావు గంట పట్టింది. 1899లో మైసూరు మహారాణి కెంపనంజమ్మణ్ణి హెబ్బాళలో ముప్పై ఎకరాలు ఇచ్చి వ్యవసాయ ప్రయోగ క్షేత్రం పెట్టించినప్పుడు దాన్ని నడిపినవాడు లేమన్ అనే రసాయన శాస్త్రవేత్త. ఆ క్షేత్రమే పెరిగి పెరిగి 1964లో విశ్వవిద్యాలయమయింది. మట్టిని పరీక్షించి చదవాలన్న ఆలోచనకు ఈ నేల మీద నూట పాతికేళ్ల వయసుందన్నమాట.

ఆ మాట గుర్తుండే కాబోలు, నేను మొదట మట్టి పరీక్షల అంగడి ముందే ఆగాను. 2015లో మొదలైన భూసార కార్డు పథకంలో నాకూ ఒక కార్డు వచ్చింది. నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలుకొని జింకు, బోరాను, ఉదజని సూచిక వరకు పన్నెండు అంశాలు అందులో ఉంటాయి. అంగడిలోని కుర్రవాడు కార్డు చూసి, "మట్టి మీ చేనిలోనే తీశారా సార్?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. అప్పట్లో వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారని, అంటే పాతిక ఎకరాలకు ఒకచోట తవ్విన పిడికెడు మట్టి అందరి కార్డుల్లోకీ ఎక్కి ఉండవచ్చని అతను మర్యాదగా వివరించాడు. ఇన్నేళ్లుగా ఆ కార్డు చూసుకొని నేను వేసిన ఎరువు నా పక్క చేనివాడి మట్టికి సరిపోయేదేమో అనిపించి నవ్వు వచ్చింది. నా మట్టి నేనే తీసుకుపోయి ఇవ్వాలన్నది ఆనాటి మొదటి పాఠం.

డ్రోన్ల దగ్గర జనం విరగబడి ఉన్నారు. అక్కడ నాతో తెలుగులో మాట్లాడిన అమ్మాయిది ముళబాగిలు పక్క పల్లె. పదిహేను వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన పథకంలో శిక్షణ పొంది ఆమె ఇప్పుడు చుట్టుపక్కల గ్రామాల్లో పిచికారీ చేస్తోంది. పది లీటర్ల తొట్టి, ఎకరానికి ఏడెనిమిది నిమిషాలు, ఎకరానికి 500 రూపాయల కిరాయి. వీపున డబ్బా కట్టుకొని కొట్టేటప్పుడు ఎకరానికి నూట యాభై, రెండు వందల లీటర్ల నీళ్లు కావాలని, కొట్టే మనిషి సగం మందు పీల్చుకుంటాడని నాకు అనుభవమే కాబట్టి లాభం అర్థమైంది. మరి గాలి సంగతేమిటని అడిగాను.

"గాలుంటే ఎగరెయ్యను సార్. రైతులు వింటారా? రేపు వానంట, ఈ పొద్దే కొట్టమ్మా అంటారు. పట్టుపురుగుల తోట పక్కనుంటే మాత్రం ఎంత ఇస్తామన్నా ఒప్పుకోను. శిడ్లఘట్ట దిక్కు పోయి అడగండి, చెప్తారు."

ఆ ఒక్క మాటతో నా నాలుగో రోజు ప్రయాణం ఖాయమైంది.

స్టార్టర్ల అంగడివాడు నా భాష పసిగట్టి తెలుగులోకి దిగాడు. "ఇంట్లో మంచం మీద పడుకోనే మోటారు వెయ్యొచ్చు సార్, మూడు ఫేజులూ చూసుకుంటుంది, నీళ్లు లేకపోతే దానంతట అదే ఆగిపోతుంది" అన్నాడు. ధర 3,800. మంచం మాట దగ్గర నా మోకాళ్లు వెంటనే ఒప్పుకున్నాయి, నేను ఇంకా ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం నేనూ మేనల్లుడూ రాగి ముద్ద, ఆకుకూరల సారు తిన్నాం. ఇద్దరికీ కలిపి 160 రూపాయలు. మా వైపు సంగటిలో బియ్యం పడుతుంది, ఇక్కడిది అచ్చంగా రాగిపిండి. నేను అలవాటు కొద్దీ నమలబోతుంటే ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒక తండ్రిలా చెయ్యి అడ్డం పెట్టి, మింగాలని సైగ చేశాడు. తిరిగి వచ్చే దారిలో హళ్ళికార్ ఎద్దుల పక్కన ఫోటోలు దిగడానికి ఉన్న వరుస, విత్తనాలు కొనేవారి వరుసకంటే పొడుగ్గా ఉంది.

రెండో రోజు: దొడ్డబళ్ళాపురం వైపు

మేనల్లుడి స్నేహితుడి తాతగారి ఊరు దొడ్డబళ్ళాపురం దాటాక లోపలికి ఉంది. ఫోను చూపిన దారినే పోయాం. తెర మీద ఎడమ వైపు పెద్ద నీలం మరక, దాని అంచున సన్నని రోడ్డు కనిపిస్తున్నాయి. చెరువు గట్టు మీద పోతున్నామని నేను సంబరపడ్డాను. తీరా చూస్తే నీలం మరక ఉండవలసిన చోట సర్కారు తుమ్మ అడవి, రోడ్డు ఉండవలసిన చోట బండి తిప్పడానికి కూడా చాలని గుంత. గొర్రెలు కాస్తున్న మనిషి మమ్మల్ని చూసి లేవకుండానే, "ఫోను చూసుకోని వచ్చినోళ్లంతా ఈడికే వస్తారు సామీ" అన్నాడు. నీళ్లు చూసి పదేళ్లు దాటిన చెరువట. వెనక్కి నాలుగు కిలోమీటర్లు.

ఆ ఊళ్లో ఇళ్లల్లో తెలుగు, బడిలో కన్నడం, ఫోనులో ఇంగ్లీషు. తాతగారు ముందు మజ్జిగ ఇప్పించి, అది తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఏ ఊరని కూడా అడగలేదు. తర్వాత చేనికి తీసుకుపోయారు. రాగి కోతకు వచ్చి ఉంది. చేనంతా ఒకటే రాగి అనుకున్నాను కానీ, పది సాళ్లకు ఒకసారి అనప, మధ్య మధ్య ఆముదం, అంచున జొన్న, ఒక మూల పసుపు పూలతో వెర్రినువ్వులు ఉన్నాయి. ఇలా కలిపి వేసే పద్ధతిని కన్నడంలో ‘అక్కడి సాలు’ అంటారు. రాగి పోతే అనప, అనప పోతే ఆముదం. వెర్రినువ్వుల పూలకు తేనెటీగలు వస్తాయి, జొన్న మీద వాలిన పిట్టలు పురుగులను ఏరుకు తింటాయి, రాలిన అనప ఆకు నేలకు బలం. ఇంతా ఆయన ఒక్క వాక్యంలో, కొడవలితో చూపిస్తూ చెప్పారు.

మనుమడు ఫోను తీసి పంట సర్వే చూపించాడు. కర్ణాటకలో రైతే తన సర్వే నంబరులో నిలబడి పంట ఫోటో తీసి పంపవచ్చు. ఆ వివరం పహాణీ అనే భూమి దస్త్రంలోకి ఎక్కుతుంది. నష్టపరిహారానికీ, బీమాకీ, మద్దతు ధరకు రాగులు అమ్మడానికీ అదే ఆధారం. 2024-25కు రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,290 రూపాయలు కాబట్టి, ఆ ఫోటో పుణ్యమా అని ఊళ్లో నలుగురు నీలగిరి చెట్లు మాని మళ్లీ రాగికి వచ్చారని కుర్రవాడు గర్వంగా చెప్పాడు. నువ్వేమని ఎక్కించావని అడిగితే, "రాగి" అన్నాడు. మిగతావి? "అన్నీ ఎక్కిస్తా కూచుంటే పొద్దు పోతుంది అంకుల్, ఎట్లయినా కొనేది రాగే కదా." తాత వైపు చూశాను. ఆయన పట్టించుకోలేదు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ లెక్కలు తీసి చూస్తే ఈ చేనిలో అనప, ఆముదం, వెర్రినువ్వులు పండినట్టు ఎక్కడా ఉండదు. లెక్కలో లేని పంటకు విత్తనం ఎవరు దాస్తారు?

మేనల్లుడు తన విద్య చూపించాడు. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకొకసారి ఇదే చేని మీదుగా పోతాయి, బొమ్మలు ఉచితం. పది మీటర్ల చదరం ఒక చుక్క, అంటే ఎకరానికి సుమారు నలభై చుక్కలు. పచ్చదనం బాగా ఉంటే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. తాతగారి చేను ఎర్రగా, పక్కనున్న నీలగిరి తోపు నిగనిగలాడే ఆకుపచ్చగా కనిపించాయి. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకొని చాలాసేపు చూశారు.

"కోతకొచ్చిన చేను నీ ఉపగ్రహానికి రోగమొచ్చినట్టు ఉండాదా? ఊరి నీళ్లన్నీ తాగేసిన నీలగిరి ఆరోగ్యంగా ఉండాదా? మంచి డాక్టరునే పట్టుకొచ్చినావు నాయనా."

నీలగిరి కొత్తగా నాటరాదని 2017లోనే ప్రభుత్వం నిషేధించింది, పాత మోళ్లు మాత్రం చిగురిస్తూనే ఉన్నాయి. మేనల్లుడు నొచ్చుకోకుండా నవ్వి, పంట కాలాన్ని బట్టి చదువుకోవాలి తాతా అన్నాడు. నిజమే, చదవగలిగినవాడికి ఆ బొమ్మ ఉపయోగమే. అయితే నేను ఇంకొకటి గమనించాను. కానుగ, వేప చెట్లతో రెండు మీటర్ల వెడల్పున్న ఆ చేని గట్టు, పది మీటర్ల చుక్కలో ఎక్కడా విడిగా కనిపించలేదు. పాములూ ముంగిసలూ ఉడుతలూ బతికేది ఆ రెండు మీటర్లలోనే.

ఫోను ఈ ఊరికి చేసిన మేలు కూడా చెప్పాలి. దిశాంక్ అనే ప్రభుత్వ యాప్‌లో మనం నిలబడిన చోటు ఏ సర్వే నంబరో, పాత గ్రామ నక్షాలో అక్కడ ఏముందో తెలుస్తుంది. మేము దారి తప్పి చూసిన ఆ ఎండిన చెరువుకు నీళ్లు తెచ్చే రాజకాలువ నక్షాలో స్పష్టంగా ఉంది. నేల మీద లేదు. కుర్రాళ్లు ఫోను పట్టుకొని కాలువ వెంట నడిచారట, నడిచి నడిచి ఈ మనుమడి సొంత పెదనాన్న నీలగిరి తోపులోకి వచ్చి నిలబడ్డారట. "తెలిసినాక ఊరకుండలేము, చెప్పితే ఇంట్లో కూడు దిగదు" అని తాతగారు నవ్వారు కానీ, ఆ నవ్వు వెనుక రెండు నెలల మౌనం ఉందని కోడలు వంటింట్లోంచి చెప్పింది. చివరికి రెండు వరుసల చెట్లు పీకించారు. ఇంకా మూడు వరుసలు మిగిలి ఉన్నాయి. వాన నీరు ఒక కాలితో నడిచినట్టు ఆ సందులోంచి పోతుందట.

భోజనంలో ముందు కాపు అనపకాయల పితికిపప్పు. మా ఊళ్లో సంక్రాంతికి తినే కూర నవంబరులోనే దొరికింది. బయలుదేరేటప్పుడు కారులో గుమ్మడికాయ పెట్టారు, వద్దంటే కోపగించుకున్నారు. గుప్పెడు వెర్రినువ్వుల విత్తనం నేనే అడిగి తీసుకున్నాను.

మూడో రోజు: దేవనహళ్ళి, విజయపుర

2008లో విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి దేవనహళ్ళి చుట్టూ పొలాల మధ్య రాళ్లు పాతిన ప్లాట్లు, ప్లాట్ల మధ్య ద్రాక్ష పందిళ్లు. "ఇక్కడ రైతులు రోజూ చూసే యాప్ ఒకటే సార్, గజం ఎంతుందని" అన్నాడు మాకు దారి చూపిన టీ అంగడి యజమాని. చిత్తూరు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. టీ డబ్బులు తీసుకోలేదు.

విజయపుర దాటాక రెండున్నర ఎకరాల దిల్‌ఖుష్ ద్రాక్ష తోట. పందిరి కింద ఒక గొట్టానికి తెల్లని పెట్టె, సోలారు పలక, వాన కొలిచే గరాటు, ఆకు ఆకారంలో ఒక పలచని బిళ్ల తగిలించి ఉన్నాయి. మట్టిలో రెండు లోతుల్లో తేమ కొలిచే కడ్డీలు. ఆ బిళ్ల సంగతి నన్ను ఆకట్టుకుంది. ఆకు మీద తడి ఎంతసేపు నిలిచిందో అది చెబుతుంది. ద్రాక్షకు వచ్చే బూజు తెగులు తడి ఆకు మీదనే మొలకెత్తుతుంది కాబట్టి, తడీ చలీ కలిసి ఎన్ని గంటలున్నాయో తెలిస్తే మందు అవసరమో కాదో చెప్పవచ్చు.

"మునుపు వాన చినుకు పడిందంటే తెల్లారేసరికి మందు. పక్క తోటాయన కొట్టినాడంటే మనమూ కొట్టాల్సిందే. లేకపోతే రాత్రి నిద్ర పట్టదు. ఇప్పుడు ఫోను చెప్తాది. చెప్పినా నేను పోయి నాలుగు ఆకులు తిప్పి చూసుకున్నాకే కలుపుతా" అన్నారు రైతు. పోయిన కాపులో తొమ్మిదిసార్లు తక్కువ కొట్టానని పాకెట్ పుస్తకం తీసి చూపించారు. అదంతా చేతిరాతే. యంత్రం చెప్పిన తేదీ ఒక గడి, తాను కొట్టిన తేదీ ఒక గడి, ఆకు కింద ఏం చూశాడో మూడో గడి. ఆ మూడో గడి ఉన్నందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

నీళ్ల సంగతి ఇంత తిన్నగా లేదు. తేమ కడ్డీలు పెట్టాక రోజుకు మూడు గంటల డ్రిప్పు గంటన్నరకు దిగిందట. మిగిలిన నీళ్లు బోరులోనే ఉన్నాయా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, పందిరి అవతల కొత్తగా వేసిన ఎకరం గులాబీ తోట వైపు చెయ్యి చూపించి గట్టిగా నవ్వారు. ఎవరినీ తప్పుపట్టలేను. పది హెచ్‌పీ వరకు పంపుసెట్లకు కరెంటు ఉచితం. మిగిలిన నీటిని నేలలోనే ఉంచినవాడికి ఏ ఫోనూ రూపాయి జమ చేయదు.

బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి ఉత్తరాన చెరువులకు పంపే హెబ్బాళ-నాగవార పథకం నీళ్లు ఇటువైపు వస్తాయి. రోజుకు 21 కోట్ల లీటర్లు, 65 చెరువులు అన్నది ప్రణాళిక. చెరువు నిండాక పక్క బోర్లలో నీరు పైకి వచ్చిందని ఆయనకు సంతోషమే. రెండో దశ వరకే శుద్ధి జరుగుతుందని, మూడో దశ కూడా చెయ్యాలని ఈ జిల్లాలవారు అడుగుతూనే ఉన్నారు. "నీళ్లు ఎంతున్నాయో ఈ పెట్టె చెప్తాది సార్, నీళ్లలో ఏముందో చెప్పే పెట్టె ఎవురైనా ఇస్తే మొదట నేనే కొంటా."

దారిలో దేవనహళ్ళి చక్కోతాలు, అంటే పంపరపనసలు, రెండు కొన్నాను, ఒక్కోటి 70 రూపాయలు. భౌగోళిక గుర్తింపు ఉన్న పండు; తోటలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయని అమ్మిన ముసలమ్మ బాధపడింది.

నాలుగో రోజు: శిడ్లఘట్ట

పట్టుగూళ్ల మార్కెట్టు పొద్దున్నే చూడాలి. రైతులు తెలుగులో, గూళ్ల నుంచి దారం తీసే రీలర్లు ఉర్దూలో, అధికారులు కన్నడంలో మాట్లాడుకుంటారు, అందరికీ అందరి మాటా అర్థమవుతుంది. గూళ్లను తొట్లలో పోసి లాటు నంబరు ఇస్తారు. కొనేవాళ్లు గుప్పెడు గూళ్లు చేతిలోకి తీసుకొని, చెవి దగ్గర ఆడించి చూసి, పక్కకు పోయి ఫోనులో ధర నొక్కుతారు. ధర తెర మీద పడుతుంది, తూకం యంత్రం మీద జరుగుతుంది, డబ్బు బ్యాంకు ఖాతాకు పోతుంది. వెనక వేలంపాట కేకలతో చెవులు చిల్లులు పడేవని ఒక రైతు చెప్పాడు. ఇప్పుడు గూళ్ల గలగల తప్ప చప్పుడు లేదు. ఆయన పేరు రాయను, మమ్మల్ని తన ఇంటికి తీసుకుపోయాడు కాబట్టి మా ఆతిథేయి అని రాస్తాను.

ఆతిథేయి భార్య పురుగుల షెడ్డు తలుపు దగ్గర చెప్పులు విప్పించి, సున్నం పొడిలో కాళ్లు అద్దించి గాని లోపలికి రానివ్వలేదు. లోపల గోడకు వేడి, తేమ చూపించే చిన్న యంత్రం, దాని కిందనే తడిపి వేలాడదీసిన గోనెపట్టాలు. వేడి 28 దాటితే ఫోను మోగుతుంది, అప్పుడు ఆమె గోనెలు తడుపుతుంది. పురుగులు తలలెత్తి కదలకుండా ఉన్నాయి. "మూడో జ్వరంలో ఉండాయి, ఇప్పుడు ఆకు వెయ్యకూడదు" అంది. పురుగు చర్మం విడిచే సమయాన్ని వాళ్లు జ్వరం అంటారు. జ్వరం వచ్చిందో లేదో ఆ యంత్రం చెప్పదు, ఆమె చెబుతుంది.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం గాలి వాటున పక్క టమాటా తోటలో కొట్టిన మందు వీళ్ల మల్బరీ మీద పడింది. ఆ సంగతి తెలియక మరుసటి ఉదయం ఆ ఆకే వేశారు. మధ్యాహ్నానికి పురుగులు పచ్చని నీళ్లు కక్కుకొని మెలికలు తిరిగి చచ్చిపోయాయి. నూట యాభై గుడ్ల పంట, అంటే నూట యాభై పట్టుచిలుకలు పెట్టిన గుడ్లన్నీ. గోతి తీసి పూడ్చామని చెప్పేటప్పుడు ఆమె గొంతు మారింది. పక్కవాడు పగవాడేమీ కాదు, మేనత్త కొడుకే. కొట్లాడి ప్రయోజనం లేదని తేలాక చుట్టుపక్కల ముప్పై మంది రైతులు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. మందు కొట్టేవాడు ముందు రోజు సాయంత్రం ఏ చేనిలో, ఏ మందు, ఎన్ని గంటలకని చెప్పాలి. కన్నడం రాయగలిగినవారికి తెలుగు రాయడం రాదు కాబట్టి అన్నీ మాటల సందేశాలే. నాకు కొన్ని వినిపించారు. ఒకదానిలో వెనుక ఆవు అరుపు, ఇంకొకదానిలో పెళ్లాం కేకలు, వాటి మధ్య: "బావా, రేపు పొద్దున ఆరుకు మొదలుపెడతా, నువ్వు ఆకు ఈ పొద్దే కోసుకో." డ్రోన్ పిచికారీకి 2021లో కేంద్రం విధివిధానాలు ప్రకటించింది. వాటిని ఈ ముప్పై మందిలో ఎవరూ చదవలేదు. డ్రోన్ వచ్చిన రోజు మాత్రం తోట అంచున కర్రకు చీర ముక్క కట్టి, అది మల్బరీ వైపు ఎగిరితే పని ఆపిస్తారు.

ఇక నా స్టార్టరు. ఆతిథేయి నాలుగేళ్లుగా వాడుతున్నాడు. మొదటి వేసవి సుఖంగా గడిచిందట. మంచం మీద నుంచే మోటారు వేసి మంచం మీద నుంచే ఆపేవాడు. నెల తర్వాత ఒకనాడు వేరే పనిమీద అటు పోతే ఎలుకలు కొరికిన పైపు దగ్గర రెండు సెంట్ల నేల బురదగుంట అయి, ఆ నీటికి గట్టు కోసుకుపోయి, తాత నాటిన కానుగ చెట్టు వేళ్లు బయటపడి ఉన్నాయి. వెయ్యడుగుల కింద నుంచి తోడిన నీళ్లవి. "మోటారు దగ్గరికి పోతాండినప్పుడు నేనేమీ చూస్తాండాను అనుకోలేదు సామీ. పోవడం నిలిపినాకే తెలిసింది, చూస్తాంటి అని." అప్పటి నుంచి ఆయన ఒక కట్టడి పెట్టుకున్నాడు. వెయ్యడం ఫోనుతోనే. ఆపడానికి మాత్రం తానే నడిచిపోవాలి, ఇంకొక దారి లేదు.

రాత్రి బెంగళూరు బస్సులో ఆ మాటనే నెమరువేశాను. మా ఊళ్లో నీటికి ధర లేదు, కరెంటుకు ధర లేదు. ఇన్నాళ్లూ మోటారుకు నేను చెల్లించిన ధర నా నడక ఒక్కటే. నా చేనిని నేను చూడటానికి కారణమూ అదే. ఈ నాలుగు రోజుల్లో చూసిన యంత్రాల్లో కొన్ని మనిషిని చేనికి తరుముతున్నాయి, ద్రాక్ష తోటలో బిళ్లలాగా, షెడ్డులో మోగే ఫోనులాగా. కొన్ని ఇంట్లో కూర్చోబెడుతున్నాయి. అమ్మేవాడు రెండింటినీ ఒకే మాటతో, సుఖం అనే అమ్ముతాడు. పక్క సీటులో మేనల్లుడు నిద్రపోయాడు గానీ, లేకుంటే వాడితో వాదం పెట్టుకునేవాణ్ణి.

అయిదో రోజు: ఎస్పీ రోడ్డు

చిక్కపేట దగ్గర ఎస్పీ రోడ్డులో దొరకని ఎలక్ట్రానిక్ వస్తువు ఉండదంటారు. మేళాలో 3,800 చెప్పిన స్టార్టరు, బేరమాడితే 3,100కు వచ్చింది. సిమ్ వేరు. దుకాణదారు నెల్లూరు మనిషి. గంటలు పెట్టుకుంటే తనంతట తానే ఆగిపోయే సదుపాయం ఎలా అమర్చుకోవాలో చూపించబోయాడు. అది వద్దన్నాను. ఎందుకు వద్దో అతనికి చెప్పలేకపోయాను. డబ్బా కట్టిస్తూ, "పెద్దవారు, నడిచే పని తగ్గుతుంది లెండి" అన్నాడు. మొత్తం ప్రయాణానికి, స్టార్టరు కాక, 2,900 రూపాయలయ్యాయి. అందులో సగానికి పైగా ఆటోలకే పోయింది.

ఇంటికి వచ్చాక

ఆదివారం ఎలక్ట్రీషియన్ వచ్చి బిగించాడు. సోమవారం తెల్లవారుజామున అయిదింటికి కరెంటు వచ్చిందని ఫోను మోగింది. దుప్పటి తీయకుండానే మోటారు వేశాను. ఇంటావిడ, "హమ్మయ్య, మీ నడక తప్పింది" అని కాఫీ పెట్టడానికి లేచింది. ఏడు గంటలకు చెప్పులేసుకొని బయలుదేరుతుంటే ఆవిడ నన్ను వింతగా చూసింది.

టమాటా తోట మొదట్లో రాత్రి అడవిపందులు తవ్విన చోట డ్రిప్పు పైపు రెండు ముక్కలై ఉంది. నీళ్లు చక్కగా కాలువ కట్టి పక్కవాడి బీడులోకి పోతున్నాయి. ఫోను తీసి చూశాను. మూడు ఫేజులూ సరిగ్గా ఉన్నాయనీ, మోటారు రెండు గంటల పది నిమిషాలుగా ఆగకుండా నడుస్తోందనీ ఆకుపచ్చ అక్షరాల్లో చూపిస్తోంది. బోరు దాకా నడిచి మోటారు ఆపి, పైపు అతికే సామాను తెచ్చుకోవడానికి మళ్లీ ఇంటి దారి పట్టాను.